ఐదు తొవ్వల నుంచి ఐదుగురు

మా సార్ పోయిండు. సోమవారం పొద్దుగాల చాయ తాగి, వరండల కుర్చీల కూసొని పేపర్ చదువుతుండెనట. అమ్మ, అంటే సార్ భార్య, మేమందరం ఆమెను అమ్మ అనే పిలుస్తం, కప్పు తీస్కపోదామని వచ్చేసరికి పేపర్ కింద పడి ఉన్నదట. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల మేముండేది, మా ఇంటి పక్క కిరాణ దుకాణానికి ఫోనొచ్చింది. "బిడ్డా, సార్ పోయిండు" అన్నది అమ్మ. తర్వాత ఇంకేమన్నదో నాకు యాదికి లేదు.

మీకు ఉన్నదున్నట్టు చెప్త. నాకు ముందుగాల ఏడుపు రాలే, భయమొచ్చింది. శుక్రవారం నా బిడ్డ స్వప్నకు నెత్తురు ఎక్కియ్యాలె. నెలనెలా గా నెత్తురిచ్చేటోళ్ళను పిలిచేది మా సారే. ఇగ ఎవరు పిలుస్తరు, పిలిస్తే మాత్రం ఎవరొస్తరు? ఫోను చెవుకు పెట్టుకొని నేను ఆలోచించింది గిదే. అటు దిక్కు అమ్మ ఏడుస్తున్నది, ఇటు దిక్కు నేను శుక్రవారం అనుకుంటున్న. ఛీ, నా బతుకు పాడుగాను అని నాకే సిగ్గయింది. సిగ్గయింది గని గా శుక్రవారం మాత్రం మనసులకెల్లి పోలే.

సార్ కరీంనగర్ల డిగ్రీ కాలేజీల స్టాటిస్టిక్స్ చెప్పేటోడు. నేను సుల్తానాబాద్ నుంచి రోజూ బస్సుల పోయి చదువుకున్న. క్లాసుల నలభై మంది ఉంటే మేం నలుగురమే ఆడపిల్లలం. నేనా, చిన్నప్పటి సంది పిరికిదాన్ని. పేరు పిలిస్తే లేచి నిలబడుడు గూడ నాకు గండమే. సార్ అంగీ జేబు ఎప్పుడూ సుద్దముక్కలతోని తెల్లగ ఉంటుండె. ఇంకొక అలవాటు ఏందంటే, సార్ నోట్ల 'తప్పకుండ' అనే మాట రాకపోతుండె. "రేపు క్లాసు ఉంటదా సార్?" అని అడిగితే "ఉండే పాలే ఎక్కువ" అంటుండె. పుస్తకంల సంభావ్యత అని ఉంటది. సార్ మాత్రం పాలు అంటుండె. ఎన్ని పాళ్ళల్ల ఎన్ని పాళ్ళు, గంతే. మొగపిల్లలు వెనక బెంచీల కూసొని "సార్‌కు లగ్గమైందా? అయ్యే పాలే ఎక్కువ" అని ఎక్కిరిస్తుండ్రి.

ఒకదినం సంచి నిండ గవ్వలు తెచ్చిండు. ఒక్కొక్కరికి నాలుగు గవ్వలిచ్చి, పదిసార్లు వెయ్యిండ్రి, వేసినప్పుడల్ల ఎన్ని వెల్లకిల పడ్డయో రాయిండ్రి అన్నడు. అష్టాచెమ్మ ఆడేటందుకు ఫీజులు కట్టినమా అని అందరూ ఒకటే నవ్వు. సార్ బోర్డు మీద ఐదు గీతలు గీసిండు. ఒక్కటి గూడ పడకపోతే ఇక్కడ, ఒకటి పడితే ఇక్కడ, రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్కరు చెప్తుంటే సుద్దతోని చుక్కలు పెట్టుకుంట పోయిండు. గంట కొట్టేసరికి నడుమ చుక్కలు కుప్ప అయినయి, రెండు చివర్లకు పల్చగ ఉన్నయి. "గవ్వ రూపాయిబిళ్ళ కాదు. బోర్ల పడే పాలు, వెల్లకిల పడే పాలు సమానమని అనుకోవద్దు. దాని పాలు దానిది. ముందుగాల దాన్ని చూడాలె" అన్నడు.

గా దినమే నాకు వరుసగ మూడుసార్లు నాలుగుకు నాలుగు బోర్ల పడ్డయి. ఎన్నడు నోరు తెరవనిదాన్ని, ఏమైందో ఏమో, "ఇగ ఈసారి తప్పకుండ వెల్లకిల పడుతయి సార్" అన్న. సార్ నా దిక్కు చూసి "మూడుసార్లు బోర్ల పడ్డ సంగతి గవ్వకు యాదుంటదా బిడ్డా?" అన్నడు. క్లాసంత ఘొల్లుమన్నది. ఆ మాపు బస్సుల ఇంటికి పోయేదాక నా మొకం మీది వేడి తగ్గలే.

పరీక్షప్పుడు గూడ గంతే. పేపర్ చేతికొచ్చింది, కండ్లకు ఏం కనవడ్తలేదు, చెమటకు పెన్ను జారుతున్నది. సార్ నా బెంచీ పక్కపొంటి పోతూ పోతూ మెల్లగ అన్నడు: "ముందుగాల ఎన్ని తీర్ల కావచ్చునో రాయి. భయపడుడు తర్వాత." రాసిన. ఫస్ట్ క్లాసుల పాసయిన. గా మాట పట్టుకొనే ఇన్నేండ్లు బతికిన అంటే మీరు నమ్ముతరో నమ్మరో.

డిగ్రీ కాంగనే లగ్గం చేసిండ్రు. మేనబావ, మా మేనత్త కొడుకు, ఇచ్చోడ దిక్కు బడిపంతులు. మా దిక్కు మేనబావ ఉండంగ బయటి సంబంధం చూస్తే మేనత్త జన్మల గడప తొక్కదు. బావ మంచోడు, అత్తమ్మ నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నదే, ఇగ పరేషాన్ ఏముంటది అనుకున్నరు మా అవ్వబాపు. నేను గూడ గట్లనే అనుకున్న.

స్వప్నకు ఎనిమిది నెలలు వచ్చేసరికి మొకం మైనం లెక్క తెల్లగైంది. పాలు తాగది, ఏడ్సేటందుకు గూడ ఓపిక లేదు, పొట్ట మాత్రం ఉబ్బుకుంట వచ్చింది. ఆదిలాబాద్ల చూపిస్తే హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. అక్కడ పెద్ద డాక్టర్ కాయితం మీద బొమ్మ గీసి చెప్పిండు. తలసేమియా. ఈ పిల్లకు సొంతంగ నెత్తురు నిలవదు, నెలనెలా ఎక్కియ్యాలె. లోపం మీ ఇద్దరి నెత్తురుల సగం సగం దాక్కొని ఉన్నది, మీ నెత్తురు పిల్లకు పనికిరాదు. మీకు పుట్టే ఏ బిడ్డకైనా నాలుగు పాళ్ళల్ల ఒక పాలు గిట్ల పుట్టొచ్చు. గిది విని నేను గోడకు ఒరిగి కింద కూసున్న.

రెండేండ్లు గట్లనే గడిసినయి. ఒకనాడు అత్తమ్మ నా నెత్తి నిమురుకుంట అన్నది: "పిల్లా, ఫికర్ జేయకు. డాక్టర్ నాలుగుల ఒకటి అన్నడు గద? గా ఒకటి అయిపోయింది. ఇగ పుట్టేటి మూడు బంగారమే. ఇంకొక్కదాన్ని కను." బావ లెక్కలు చెప్పే పంతులే, ఆయన గూడ తలకాయ ఊపిండు. మరి నేనో? సంభావ్యతల ఫస్ట్ క్లాసు వచ్చినదాన్ని. నేను గూడ గా మాట మీదనే పండుకొని లేస్తున్న. లోపల ఎక్కడనో కలుక్కుమంటనే ఉన్నది. సార్ నోటితోని ఔనంటే చాలు అనుకొని స్వప్నను చంకన ఏసుకొని కరీంనగర్ పోయిన.

సార్ అంతా విన్నడు. అమ్మను పిలిచి నాకు మంచినీళ్ళు ఇమ్మన్నడు.

"మీ అత్తమ్మ మంచి మనసుతోని చెప్పింది. తప్పని చెప్పబుద్ధి అయితలేదు" అన్నడు.

"తప్పా సార్?"

"స్వప్న పుట్టిన సంగతి పుట్టబోయేదానికి ఎర్కనా బిడ్డా? దానికి మళ్ళ మొదటికెల్లి నాలుగుల ఒకటే. దాని తర్వాతిదానికి గూడ గంతే."

నాకు కోపం ఎక్కడికెల్లి వచ్చిందో తెల్వది. సార్ ముంగట నిలబడాలంటేనే వణికేదాన్ని, గట్టిగ ఒర్రిన. "ఒక్క అబద్ధం చెప్తే మీ సొమ్మేం పోతుండె సార్? నేను గింత దూరం వచ్చింది గిది వినేటందుకా?"

సార్ కోపానికి రాలే. "అబద్ధం చెప్తే ఇయ్యాల నువ్వు నిమ్మలంగ ఇంటికి పోతవు. ఆ తర్వాత నేను నీ మొకం ఎట్ల చూడాలె?" అన్నడు. కనుమని చెప్పలే, కనవద్దని చెప్పలే. "నాలుగుల మూడు మంచి పాళ్ళే. గా ఒక్కటి పడితే మోసేది నువ్వు. నేను పాళ్ళే చెప్త" అన్నడు. మేం మళ్ళ కనలే. ఒక్కదానికే నెత్తురు దొరుకుతలేదు, ఇద్దరికి ఏడికెల్లి తేవాలె? అత్తమ్మ రెండేండ్లు నాతోని సక్కగ మాట్లాడలే.

గా దినమే సార్ ఇంకొకటి అడిగిండు. "నెత్తురు ఎవరిస్తుండ్రు?"

నా దుఃఖమంత బయటపడ్డది. మా అవ్వగారి దిక్కు చుట్టాలు ఉన్నరని కరీంనగర్ దవాఖానకే తెస్తున్న. మా తమ్ముడు రెండుసార్లు ఇచ్చిండు, తర్వాత మరదలు వాళ్ళు వద్దన్నరు. నెత్తురిస్తే మొగోడు కమ్‌జోర్ అయితడని అందరికి భయం. వస్తనని చెప్పిన మనిషి రాడు. నేను గేటు కాడ నిలబడి చూసుడు, స్వప్న ఒడిల సోలిపోవుడు. "నెలకొక్కసారి సచ్చి బతుకుతున్న సార్" అన్న.

సార్ జేబులకెల్లి పెన్ను తీసిండు. "ఒక్కనికి చెప్తే వస్తడా?"

"వస్తడో రాడో సార్. సగం అనుకోండ్రి."

"ఇద్దరికి చెప్తే? ఇద్దరూ రాని పాలు?"

"నాలుగుల ఒకటి."

"ముగ్గురికి?"

"ఎనిమిదిల ఒకటి." క్లాసుల లెక్క చెప్తున్న. కండ్లల్లకెల్లి నీళ్ళు కారుతనే ఉన్నయి.

"ఐదుగురికి చెప్తే ముప్పైరెండుల ఒకటి. ఒక్కని మీద ఆశ పెట్టుకోవద్దు. ఐదుగురికి చెప్పాలె. నేను చెప్త, మా క్లాసు పిలగాండ్లకు."

"గా ముప్పైరెండుల ఒకటే పడితే సార్?" అని అడిగిన. చూసిండ్రా, నా భయానికి పొట్ట నిండదు.

"పడొచ్చు. పడదని నేను అనను" అన్నడు సార్.

గట్ల తొమ్మిదేండ్లు. నెలనెలా మేం నిర్మల్ల బస్సు మారి కరీంనగర్ వచ్చేసరికి సార్ తన క్లాసుల ఐదుగురికి చెప్పి ఉంచుతుండె. స్వప్నది ఓ పాజిటివ్. ఒక్కొక్కసారి ఇద్దరు వస్తుండ్రి, ఒక్కొక్కసారి ముగ్గురు. ఒక్కసారి ఐదుగురు వచ్చిండ్రు, నలుగురిని చాయ తాపి పంపినం. సార్ దవాఖానకొచ్చి బయట బెంచీ మీద కూసొని స్వప్నతోని చింతగింజలాట ఆడేటోడు. "ఈసారి నేను గెలుస్తనా సార్?" అంటే "గెలిచే పాలు ఉన్నది" అనేటోడు. అది కిలకిల నవ్వేది.

ఎవ్వరూ రాని దినం గూడ వచ్చింది. స్వప్నకు అప్పుడు ఏడేండ్లు. పొద్దటి సంది ఒకటే వాన. పది అయింది, పదకొండయింది, ఒక్క మనిషి లేడు. బిడ్డ పెదవులు సున్నం లెక్క అయినయి, దమ్ము తీస్తుంటే డొక్కలు ఎగిరెగిరి పడ్తున్నయి. నర్సమ్మ వచ్చి వచ్చి చూసిపోతున్నది. అయిపోయింది, ఇయ్యాలనే అనుకున్న. నాకు దేవుళ్ళ పేర్లు గూడ యాదికి రాలే. పన్నెండింటికి సార్ సైకిల్ మీద నిండ తడిసి వచ్చిండు. ఎవరెవరికి చెప్పిండ్రు సార్ అని అడిగితే ఐదుగురి పేర్లు చెప్పిండు. చెప్తూ చెప్తూనే ఆగిపోయిండు. ఐదుగురు ఒక్క ఊరోళ్ళే, దోస్తులు. రోజూ ఒక్క బస్సులనే వస్తరు. వాగొచ్చింది, బస్సు రాలే.

సార్ రెండు చేతులతోని నెత్తి కొట్టుకున్నడు. "ఐదుగురికి చెప్పిన అనుకున్న బిడ్డా. ఒక్క బస్సుకు చెప్పిన. ఇరవై ఏండ్ల సంది పాఠం చెప్తున్న, ఒకని రాకడకు ఇంకొకని రాకడకు సంబంధం ఉండొద్దని. నాకే తెల్వకపాయె."

తడిసిన అంగీ చేతులు పిండుకున్నడు. తర్వాత నా మొకం చూడకుంట, "నాది గూడ గదే గ్రూపు" అన్నడు. అని లోపటికి పోయిండు. స్వప్న గోడ పట్టుకుంట పట్టుకుంట సార్ వెనకనే పోయింది. తలుపు వేసిండ్రు. నేను బయట ఉన్న. అరగంటకు సార్ వచ్చిండు, మొకం కడుక్కున్నట్టు తడిగ ఉన్నది. "ఏం లేదు, ఏం లేదు" అన్నడు. మా స్వప్న ఆ దినం బతికింది.

అయితే మీకు దాచుడెందుకు, నా మనసుల ఒక మెలిక పడ్డది. ఇన్నేండ్ల సంది తనది గదే గ్రూపు అయితే ఒక్కనాడన్న ఎందుకు ఇయ్యలే? ఎందుకు చెప్పలే? అందరిని ఇయ్యిమని చెప్పే మనిషి తను మాత్రం తప్పించుకున్నడా? పానం నిలబెట్టిన మనిషి మీద గిట్ల అనుకున్న. అడగాలనిపించింది గని అడగలే.

గప్పటి నుంచి సార్ ఐదు తొవ్వల నుంచి ఐదుగురిని ఏరేటోడు. పెద్దపల్లి తొవ్వకెల్లి ఒకరు, జగిత్యాల తొవ్వకెల్లి ఒకరు, సిరిసిల్ల, సిద్దిపేట, హుజూరాబాద్. "గీ ఐదు తొవ్వలు ఒక్కటేసారి బంద్ కావాలంటే దునియా మునగాలె" అని నవ్వేటోడు. మళ్ళ ఎన్నడు ఉత్తచేతులతోని రాలే మేం.

సోమవారం ఫోను రాంగనే స్వప్నను తీసుకొని బయలెల్లిన. మాపటికి అంతా అయిపోయింది. అమ్మ నన్ను పట్టుకొని ఏడ్సింది. ఆ ఇంట్ల నిలబడి నెత్తురు సంగతి ఎట్ల ఎత్తాలె? ఎత్తలే. బుధవారం నేనే కాలేజీకి పోయిన. సార్ క్లాసుల, సార్ బోర్డు ముంగట నిలబడ్డ. పేరు పిలిస్తే లేవనిదాన్ని. ఏం చెప్పిన్నో, ఎట్ల చెప్పిన్నో నాకే సమజ్ కాలే. ఐదు తొవ్వల పేర్లు బోర్డు మీద రాసి, ఒక్కొక్క తొవ్వకు ఒక్కరు కావాలె, ఓ పాజిటివ్ అయి ఉండాలె అన్న. ఐదుగురు పేర్లు ఇచ్చిండ్రు.

శుక్రవారం. బావకు పరీక్షల డ్యూటీ, రాలేకపోయిండు. నేను, స్వప్న. బెంచీ మీద అది నా భుజానికి ఒరిగి కూసున్నది. పదకొండేండ్ల పిల్ల, చెయ్యి పట్టుకుంటే కట్టెపుల్ల లెక్క ఉన్నది.

పదింటికి ఒక పిలగాడు వచ్చి, సిరిసిల్ల ఆయనకు జరమొచ్చిందని చెప్పిండు. సిద్దిపేట ఆయనను వాళ్ళ అవ్వ పంపలేదట. ముగ్గురు మిగిలిండ్రు. ఎనిమిదిల ఒకటి. పదకొండింటికి జగిత్యాల తొవ్వ ఆయన నిజంగనే వచ్చిండు. లోపట ఎవరికో సూది ఎక్కిస్తుంటే చూసి "ఇప్పుడే వస్త అక్కా" అని గేటు దాటిండు, ఇగ రాలే. ఇద్దరు. మళ్ళ గదే నాలుగుల ఒకటి. పన్నెండు దాటినంక హుజూరాబాద్ ఆయన వచ్చిండు. పోయినేడు కామెర్లు అయినయంటే నర్సమ్మ వద్దన్నది. పాపం ఆయన మొకం గూడ చిన్నబోయింది.

ఇగ ఒక్కరే. వస్తే వస్తరు, రాకపోతే రారు. సగం. గేటు అవతల ఏ రిక్షా ఆగినా మెడ చాపి చూస్తున్న. స్వప్న దమ్ము గట్టిగ తీస్తున్నది. ఎన్ని తీర్ల కావచ్చునో రాద్దామంటే రెండే తీర్లు ఉన్నయి, రెండోదాన్ని నేను తలుచుకోలేకపోయిన. సార్, ఎంత పని చేస్తిరి సార్, గీ ఒక్క శుక్రవారం దాటినంక పోవద్దా అని మనసుల సార్‌ను తిట్టుకున్న. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నాలుగు దినాల ఏడుపు ఒక్కసారి వచ్చింది.

ఒంటిగంట కావస్తుండంగ ఒక ఆడపిల్ల ఉరుక్కుంట వచ్చింది. పెద్దపల్లి తొవ్వ పిల్లనే. ఎండకు మొకం ఎర్రగైంది. "బస్సు ఆలస్యమైంది అక్కా" అన్నది. నేను ఆ పిల్ల రెండు చేతులు పట్టుకున్న. నర్సమ్మ చూసి, సరే పండుకో అన్నది. మంచం ఎక్కింది గని పిల్ల వణుకుతున్నది. "మా ఇంట్ల ఎర్క లేదు. మస్తు నొస్తదా అక్కా?" అని నన్ను అడిగింది. నొయ్యదని అబద్ధం చెప్దామంటే నోరు రాలే, నొస్తదంటే లేచి పోతదేమోనని భయం.

స్వప్న నా చెయ్యి ఇడిసిపెట్టి ఆ మంచం కాడికి పోయి స్టూలు మీద కూసున్నది.

"జర నొస్తది అక్కా" అన్నది. "సార్‌కు గూడ భయమే. గా వాన దినం సూది చూసి సార్ ఏడ్సిండు. చిన్నప్పటి సంది సూదంటే భయమట. గోడ దిక్కు మొకం పెట్టుకొని, నువ్వు ఏదన్న ముచ్చట చెప్పు బిడ్డా, ఆపకు అన్నడు. మీ అవ్వకు చెప్పకన్నడు, నేను చెప్పలే."

తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డ నేను. నర్సమ్మ సూది పట్టుకొని వచ్చింది. ఆ పిల్ల కండ్లు గట్టిగ మూసుకొని మెల్లగ గోడ దిక్కు తిరిగింది. స్వప్న ఆ పిల్ల రెండో చెయ్యిని తన రెండు చేతులల్ల పట్టుకొని, దమ్ము ఆగి ఆగి తీసుకుంట మొదలుపెట్టింది.

"మా ఇచ్చోడల ఒక పిల్లి ఉన్నది అక్కా..."